ఐదు చోట్లు వద్దు, ఒక్క చోటు చాలు: చిన్న తరగతుల విజ్ఞాన యాత్ర గురించి

డిసెంబరు వచ్చిందంటే హైదరాబాద్ బడుల నోటీసు బోర్డుల మీద ఇంచుమించు ఒకే కాగితం కనబడుతుంది. గోల్కొండ, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, జూపార్కు, బిర్లా ప్లానెటోరియం. ఉదయం 8కి బయలుదేరి సాయంత్రం 6కి తిరిగి రాక. మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఎవరైనా రావచ్చు. పైన పెద్దక్షరాలతో ‘విజ్ఞాన యాత్ర’ అని ఉంటుంది.

ఆ పది గంటలు ఎటు పోతాయో లెక్క వేసి చూద్దాం. నలభై మంది పిల్లలు బస్సు దిగి, వరుసలో నిలబడి, లెక్క సరిపోయేసరికి 12 నిమిషాలు. మళ్లీ ఎక్కడానికి అంతే. ఐదు చోట్లకు పది సార్లు, అంటే రెండు గంటలు. నగరం ట్రాఫిక్‌లో అటూ ఇటూ తిరగడానికి తక్కువలో తక్కువ మూడు గంటలు. భోజనానికి ఒక గంట. బాత్రూముకు రెండు విడతలుగా 40 నిమిషాలు. ఇక మిగిలింది మూడు గంటల ఇరవై నిమిషాలు. ఐదింటికీ పంచితే ఒక్కో చోటికి 40 నిమిషాలు వస్తాయి. గోల్కొండ కొండ ఎక్కి దిగడానికే తొమ్మిదేళ్ల పిల్లలకు రెండు గంటలు కావాలి. జూపార్కు విస్తీర్ణం 380 ఎకరాలు. 40 నిమిషాల్లో పిల్లలు చూసేది ముందు నడిచే వాడి వీపు మాత్రమే.

ప్రాథమిక తరగతుల యాత్రకు ఒకే చోటు ఉండాలి, గంట ప్రయాణం మించకూడదు, ఒక ప్రశ్న పట్టుకుని వెళ్లాలి అన్నది నా గట్టి అభిప్రాయం. ‘తల్లిదండ్రులు అంత డబ్బు కట్టాక ఒక్క చోటే చూపిస్తే ఊరుకుంటారా’ అని హెచ్ఎంలు (ప్రధానోపాధ్యాయులు) అడుగుతారు. ‘మా ఊరి పిల్లలకు ఏడాదికి వచ్చేది ఒక్క అవకాశం, ఆ రోజే అన్నీ చూపించనివ్వండి’ అని పల్లె బడుల టీచర్లు అంటారు. రెండోదాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఖర్చులో పెద్ద వాటా బస్సుదే. రోజంతా తిరిగే దూరపు బస్సుకు పెట్టే డబ్బుతో దగ్గరి చోట్లకు పూటబస్సు రెండు మూడు సార్లు కట్టుకోవచ్చు. నడిచి వెళ్లే చోట్లకయితే బస్సే అక్కర్లేదు. అప్పుడు డబ్బు కట్టలేక తరగతి గదిలో ఉండిపోయే పిల్లలు కూడా ఉండరు. నలుగురు పిల్లలు ఉండిపోయిన యాత్ర ఆ తరగతి యాత్ర కాదు. మర్నాడు పాఠంలో దాని గురించి మాట్లాడిన ప్రతిసారీ ఆ నలుగురూ తలొంచుకుంటారు.

ఒకటి, రెండు తరగతులకు కోటలూ మ్యూజియాలూ అనవసరం. ‘నాలుగు వందల ఏళ్ల కిందట’ అన్న మాట ఆరేళ్ల పిల్లకు అందదు. వాళ్లకు పోస్టాఫీసు, కుమ్మరి ఇల్లు, మొక్కల నర్సరీ, పాలకేంద్రం సరిపోతాయి. అన్నిటికంటే మంచిది రైతుబజారు. 1999 నుంచి ఉన్న ఈ బజార్లలో రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, దుకాణాల వరుసలు తిన్నగా ఉంటాయి, అమ్మేవాళ్లు పిల్లలతో మాట్లాడతారు. నలుగురు పిల్లల జట్టుకు 50 రూపాయలు ఇచ్చి, సాంబారుకు కావలసిన కూరగాయలు కొనమనండి. పావుకిలో అంటే ఎన్ని బెండకాయలో, ఎన్ని టమాటాలో చేతికి తెలుస్తుంది. చిల్లర లెక్క తెలుస్తుంది. ఉదయం ఏడింటికి రద్దీలో వెళ్లకూడదు, పదిన్నరకు వెళ్లాలి. అప్పటికి బేరాలు తగ్గి రైతులకు కాస్త తీరిక ఉంటుంది. కొన్న కూరగాయలు మధ్యాహ్న భోజనం వండే అక్కలకు ఇస్తే ఆ రోజో మర్నాడో అవే పళ్లెంలోకి వస్తాయి.

నాలుగు, అయిదు తరగతులకు కోట బాగుంటుంది. గోల్కొండనే తీసుకుందాం. అక్కడ చెప్పడానికి వంద సంగతులున్నాయి: 1687లో ఎనిమిది నెలల ముట్టడి, ఏనుగులు గుద్దకుండా తలుపులకు కొట్టిన ఇనుప మేకులు, మంత్రులు అక్కన్న మాదన్నల కచేరీ (కార్యాలయం), రామదాసు బందిఖానా. అన్నీ చెబితే ఒక్కటీ నిలవదు. నాలుగో తరగతికి నేను ఎంచుకునే ప్రశ్న ఒక్కటే: ఇంత కొండ మీదికి నీళ్లు ఎలా ఎక్కాయి? మోటారు లేదు, కరెంటు లేదు. పైన రాజుగారి దర్బారు, సైనికులు, వంటలు, స్నానాలు. పిల్లలు ఇంట్లో ట్యాంకు నిండటం, పొంగటం రోజూ చూస్తారు కాబట్టి ఈ ప్రశ్న వాళ్లదే అవుతుంది. జవాబు కోటలోనే కనిపిస్తుంది. దుర్గం చెరువు నుంచి వచ్చిన నీటిని కుండలు కట్టిన పర్షియన్ చక్రాలతో ఒక తొట్టి నుంచి పై తొట్టికి, అక్కడి నుంచి ఇంకా పైకి అంచెలంచెలుగా తోడేవాళ్లు. పైనుంచి కిందికి మట్టి గొట్టాల్లో పంచేవాళ్లు. ఆ గొట్టాల ముక్కలు గోడల్లో ఇప్పటికీ కనబడతాయి. తీగల వంతెన ఉన్న చెరువుగా పిల్లలకు తెలిసిన దుర్గం చెరువే ఇది అని చెబితే వాళ్ల ముఖాలు మారిపోతాయి.

యాత్రకు ముందు టీచరు ఒకసారి అక్కడికి వెళ్లి రావాలి. దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ, తేడాలు వచ్చేదీ ఇక్కడే. ఆదివారం కుటుంబంతో వెళ్లి చూసింది లెక్కలోకి రాదు. యాత్ర వారంలో ఏ రోజు, ఏ గంటకో వారంలో అదే రోజు, అదే గంటకు వెళ్లాలి. బస్సు ఎక్కడ ఆగుతుంది, అక్కడి నుంచి ద్వారం దాకా రోడ్డు దాటాలా, టికెట్ కిటికీ దగ్గర నలభై మంది ఎండలో నిలబడాలా నీడ ఉందా, ఆడపిల్లలకు ఎన్ని మరుగుదొడ్లు, వాటిలో ఆ గంటకు నీళ్లు వస్తున్నాయా, పిట్టగోడ లేని అంచులు ఎక్కడున్నాయి, దగ్గరి ఆసుపత్రి ఏది అన్నవి రాసుకోవాలి. నడిచే ప్రతి ముక్కకూ మీకు పట్టిన సమయం రాసి రెట్టింపు చేయండి. పిల్లల వేగం అంతే. తేనెపట్టులు ఉన్న వైపు గుర్తుపెట్టుకోండి. పాత కోటల్లో అది మామూలే. రాయి విసరడం, కేకలు, ఘాటైన సెంటు అక్కడ ప్రమాదం.

రోజు ఎంపికలో రెండు తప్పులు జరుగుతుంటాయి. మొదటిది సెలవు చూసుకోకపోవడం. సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం తెరవరు, జూపార్కు సోమవారం తెరవరు, విశాఖలో కురుసుర జలాంతర్గామికి కూడా సోమవారమే సెలవు. పురావస్తు శాఖ సైట్ మ్యూజియంలకు శుక్రవారం. గేటు దాకా వెళ్లి మూసి ఉంటే ఆ బస్సు ఏదో పార్కుకు మళ్లుతుంది, యాత్ర అక్కడితో పిక్నిక్ అయిపోతుంది. రెండోది అందరూ వెళ్లే రోజుల్లోనే వెళ్లడం. కార్తీక మాసంలో వనభోజనాల ఆదివారాలు, సంక్రాంతి సెలవులకు ముందు వారం వదిలేయండి. నవంబరు చివర మంగళ, బుధ, గురువారాలు మంచివి. పెద్ద పండుగ దగ్గరకొచ్చేసరికి తెల్లవారుజామున పొగమంచు కూడా తోడవుతుంది. విజయవాడ రహదారి మీద ఆ వేళల్లో పిల్లల బస్సు ఉండకూడదు. ఉదయం ఏడుకు ముందు బయలుదేరాల్సి వస్తోందంటే ఆ చోటు ఈ వయసుకు దూరమని అర్థం.

బస్సు గురించి మొహమాటం లేకుండా అడగాలి. నంబరు తీసుకుని ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్, బీమా గడువులు కనిపిస్తాయి. ఒప్పందం నాడు చూపిన బండి యాత్ర నాడు రాకపోవచ్చు. ‘ఆ బండి రిపేరులో ఉంది మేడమ్, ఇది కూడా మంచిదే’ అంటారు. అప్పుడు కొత్త నంబరు కొట్టి చూశాకే పిల్లల్ని ఎక్కించండి. 1997లో సుప్రీంకోర్టు బడి బస్సులకు పెట్టిన షరతుల్లో భారీ వాహనాలు నడిపిన అయిదేళ్ల అనుభవం, డ్రైవరు కాక మరో మనిషి, వేగం ఆపే గవర్నరు ఉన్నాయి. అద్దె బస్సుకు కూడా అవే అడగడంలో తప్పులేదు. పిల్లకు ఒక సీటు. ‘చిన్నవాళ్లే కదా, ఇద్దరి సీట్లో ముగ్గురు సర్దుకుంటారు’ అనే మాట ఒప్పుకోవద్దు. బ్రేకు గట్టిగా పడితే ముందు ఎగిరిపడేది ఆ మూడో పిల్లే. ఆంధ్రా నుంచి తెలంగాణకో, ఇటు నుంచి అటో వెళ్తుంటే పర్మిట్ రెండో రాష్ట్రానికి చెల్లుతుందో లేదో ముందే తేల్చుకోవాలి. లేకపోతే దారిలో తనిఖీకి ఆపినప్పుడు పిల్లలతో గంటలు పోతాయి. ఆర్టీసీ బస్సు అద్దెకు తీసుకుంటే ఈ తలనొప్పులు చాలావరకు తగ్గుతాయి.

నీళ్ల సంగతి విడిగా చెప్పాలి. 2024 జనవరి 18న వడోదర హర్ణి చెరువులో బడి పిల్లల పడవ తిరగబడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పడవలో పట్టేదానికంటే ఎక్కువమందిని ఎక్కించారు, చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలోకి దిగిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైన డ్యాం నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. వాళ్లు పెద్దపిల్లలు, అయినా ఏం చేయలేకపోయారు. అందుకే ప్రాథమిక తరగతులకు నాది ఒకటే మాట: పడవ వద్దు, నదిలో కాళ్లు కడుక్కోవడం వద్దు, ముందుగా చూసి రాని చోట బస్సు ఆగకూడదు. దారిలో ‘ఇక్కడ బాగుంది, ఐదు నిమిషాలు ఫొటోలు’ అని డ్రైవరు అన్నా, తోటి టీచరు అన్నా కాదనాలి.

పెద్దవాళ్లు ఎంతమంది ఉండాలి? మూడు నుంచి అయిదో తరగతికి పది మందికి ఒకరు, ఒకటి రెండు తరగతులకు ఆరుగురికి ఒకరు. వీళ్లు కాక ఏ జట్టూ లేని మనిషి ఒకరు ఉండాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్లతో ఉండిపోయేది ఈ మనిషే. ఈయన లేకపోతే ఒక పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లగానే ఒక జట్టు దిక్కులేనిదవుతుంది. ఒక్కో జట్టుకు ఒక రంగు రిబ్బను. యాత్ర నాటికి ప్రతి పిల్లకూ 1 నుంచి 40 దాకా ఒక అంకె ఇచ్చి, వారం రోజులు బడిలోనే ప్రార్థన తర్వాత చెప్పించండి. నలభై అంకెలు ఒకటిన్నర నిమిషంలో అయిపోవాలి. ఒక పక్క పిల్లలు అంకెలు చెబుతుంటే ఇంకో పెద్దమనిషి తల మీద చెయ్యి పెట్టి లెక్క చూసుకోవాలి. ఎందుకంటే పక్కవాడి బదులు అంకె చెప్పే స్నేహితులు ప్రతి తరగతిలో ఉంటారు. పిల్లలు తప్పిపోయేది చాలావరకు బాత్రూముల దగ్గర, ఐస్‌క్రీము బండి దగ్గర, ఒకే రంగు బస్సులు నిలబడిన పార్కింగులో. మెడలో వేసే కార్డు మీద బడి పేరు, ఫోన్ నంబరు బయటికి కనిపించాలి, పిల్ల పేరు లోపలి వైపు ఉండాలి. కొత్తవాళ్లు పేరు చదివి పిలిస్తే చిన్నపిల్లలు తెలిసినవాళ్లే అనుకుని వెళ్లిపోతారు.

ఇంటికి పంపే అనుమతి కాగితంలో ‘నా బాధ్యతపై పంపుతున్నాను’ అన్న వాక్యం మీద సంతకం తీసుకుంటే బడి బాధ్యత తీరిపోదు. ఆ కాగితంలో ఉండాల్సింది వేరు: ఎక్కడికి, ఎప్పుడు బయలుదేరి ఎప్పుడు వస్తారు, ఏ బస్సు, పిల్లకు ఉబ్బసం, మూర్ఛ, ఏదైనా పడని తిండి ఉన్నాయా, వాడే మందు ఏది, ఆ రోజు ఫోన్ ఎత్తే ఇద్దరి నంబర్లు. రెండో నంబరు చాలా ముఖ్యం. అమ్మానాన్నలు పనిలో ఉంటే ఎత్తేది అమ్మమ్మో, పక్కింటివాళ్లో. ఆ కాగితాల నకలు ఒకటి బస్సులో, ఒకటి బడిలో ఉండాలి. మండల, జిల్లా విద్యాధికారుల అనుమతికి దరఖాస్తు నెల ముందే పెట్టండి.

ఇక వాంతులు. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల్లో ప్రయాణపు వికారం ఎక్కువ. బస్సు లోపలి సీటును చూసే కన్ను కదలడం లేదంటుంది, లోపలి చెవి కదులుతున్నామంటుంది. ఆ తగువు కడుపు మీద పడుతుంది. ఎవరికి అలవాటో అమ్మలకు తెలుసు కాబట్టి కాగితంలోనే అడగండి. వాళ్లను ముందు వరుసల్లో కిటికీ పక్కన, దూరంగా రోడ్డు కనిపించేలా కూర్చోబెట్టాలి. వెనక చక్రాల మీది సీట్లు వద్దు. బయలుదేరే గంట ముందు రెండు ఇడ్లీలు చాలు. పూరీ, చపాతీ కుర్మా వద్దు, ఖాళీ కడుపు కూడా వద్దు. బస్సులో సినిమా పెట్టకండి, ఫోన్ చూడనివ్వకండి. ప్రతి సీటు జేబులో రెండు కవర్లు, ముందు ఒక బకెట్టు, పాత బట్టలు, నీళ్లు, మార్చుకునే బట్టలు రెండు మూడు జతలు ఉంచండి. మాత్ర ఇంటి నుంచి రాసి పంపితేనే ఇవ్వాలి, టీచరు తనంత తాను ఇవ్వకూడదు.

పూట యాత్ర అయితే భోజనం బడికి వచ్చే తినొచ్చు, అంతకంటే సుఖం లేదు. కట్టుకెళ్లాల్సి వస్తే పులిహోర. చింతపండు పులుపూ నూనే దాన్ని మధ్యాహ్నం దాకా కాపాడతాయి. దద్దోజనం పంపేటప్పుడు అన్నంలో పెరుగు కలపకుండా, గోరువెచ్చని పాలు పోసి చెంచాడు పెరుగు తోడు వేస్తే మధ్యాహ్నానికి కమ్మగా ఉంటుంది. పెరుగే కలిపితే బస్సు వేడికి పులిసిపోతుంది. కొబ్బరి చట్నీ అన్నిటికంటే ముందు పాడవుతుంది, అది వద్దే వద్దు. నీళ్లు పిల్లకు అరలీటరు సీసా, దాన్ని మళ్లీ నింపడానికి కుళాయి ఉన్న 20 లీటర్ల క్యాన్లు రెండు. బాత్రూము లెక్క ముందే వేసుకోండి: నలభై మంది, నాలుగు మరుగుదొడ్లు, మనిషికి రెండు నిమిషాలు, మొత్తం 20 నిమిషాలు. రెండే ఉంటే 40. అయిదో తరగతి ఆడపిల్లలున్న బస్సులో ప్యాడ్లు, మార్చుకునే బట్టలు ఒక టీచరమ్మ సంచిలో ఉండాలి, ఆ సంగతి పిల్లలకు ముందే మెల్లగా చెప్పి ఉంచాలి. ప్రథమ చికిత్స పెట్టెలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు, గాజుగుడ్డ, కట్టు, కత్తెర, అంటించే పట్టీలు. ఉబ్బసం ఉన్న పిల్ల ఇన్‌హేలరు జట్టు టీచరు చేతిలో ఉండాలి, బస్సులో వదిలిన బ్యాగులో కాదు. 108 (అంబులెన్సు), 112 (అత్యవసర సాయం), 1098 (పిల్లల సహాయవాణి) నంబర్లు ప్రతి పెద్దమనిషి ఫోన్‌లో ఉండాలి.

గోల్కొండకు తొమ్మిదింటికల్లా చేరితే మొదటి లాభం చప్పుడు లేకపోవడం. కింద ద్వారం గుమ్మటం కింద కొట్టిన చప్పట్లు పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తాయని అందరికీ తెలుసు. పదకొండు తర్వాత వచ్చినవాళ్లందరూ చప్పట్లే కొడుతుంటారు, ఎవరి చప్పుడు ఎవరిదో తెలియదు. ఒక జట్టు ముందుగా పైకెక్కాలి, మరో జట్టు కింద ఉండాలి, టీచర్లు ఫోన్‌లో మాట్లాడుకోవాలి. కింద మూడు కొడితే పైవాళ్లు ఎన్ని విన్నారో వేళ్లతో చూపిస్తారు. తర్వాత గుమ్మటం కింద నుంచి పది అడుగులు పక్కకు జరిగి కొట్టమనండి. ఏం మారిందో పిల్లలే చెబుతారు. పదిహేనేళ్లలోపు వాళ్లకు టికెట్ లేదు, పెద్దవాళ్ల టికెట్లు ఒకరే ముందు వెళ్లి తీసుకోవాలి.

పిల్లల చేతిలో ఒకే కాగితం, అట్టకు క్లిప్పుతో బిగించి, పెన్సిలు దారంతో కట్టి. పెన్ను పడిపోతుంది, పెన్సిలు వేలాడుతుంది. బోర్డుల మీది వాక్యాలు ఎక్కించి రాసుకోవడం మాత్రం పెట్టకండి. రాసే పిల్ల గోడను చూడదు. పనులు మూడే: మట్టి గొట్టం ఎక్కడెక్కడ కనిపించిందో కోట బొమ్మ మీద గుర్తు పెట్టడం, ఒక నీటి తొట్టి బొమ్మ గీయడం, మెట్లు లెక్కపెట్టడం. పైకి దాదాపు 360 మెట్లు. స్కేలుతో పది మెట్ల ఎత్తు కొలవమనండి. ఒక్కోటి 20 సెంటీమీటర్లు వచ్చిందనుకుంటే 360తో గుణిస్తే 72 మీటర్లు. పుస్తకాల్లో కొండ ఎత్తు 120 మీటర్లని ఉంటుంది. ఈ తేడాను టీచరు తీర్చకూడదు. మెట్లు లేకుండా ఏటవాలుగా నడిచిన ముక్కలు, ఎత్తు సమంగా లేని మెట్లు, మెట్లు మొదలయ్యే చోటే ఎత్తులో ఉండటం, ఇవన్నీ పిల్లలు ఒక్కొక్కటిగా తవ్వుకుంటారు. రామదాసు గది దగ్గర మాత్రం జాగ్రత్త. పేరు తెలిసిన చోటు కాబట్టి అందరూ ఒక్కసారి దూరాలని చూస్తారు, లోపల చీకటి. పది మంది చొప్పున పంపి, మిగతా జట్లకు బయట తొట్టి బొమ్మ పని పెట్టండి. దిగేటప్పుడే పడిపోతారు, ఎక్కేటప్పుడు కాదు. కాళ్లు అలిసి ఉంటాయి, పరుగెత్తాలనిపిస్తుంది. ప్రతి జట్టు ముందు పెద్దమనిషి నడవాలి, ఆయన్ని దాటి ఎవరూ పోకూడదు.

తిరిగొచ్చాక మర్నాడే ఒక పీరియడు ఖాళీగా ఉంచుకోండి, వారం ఆగితే చల్లారిపోతుంది. మూడు బకెట్లు, మూడు స్టూళ్లు, ఒక గ్లాసు, ఒక రబ్బరు గొట్టం చాలు. నీళ్లు అంచెలంచెలుగా పైకి తోడి, గొట్టంతో కిందికి వదలమనండి. పై బకెట్టు కంటే గొట్టం మూతి ఎత్తితే నీళ్లు ఆగిపోతాయి. ‘ఆ రోజు చూసిన తొట్టి అందుకే అంత పైన ఉంది’ అని ఎవరో ఒకరు అంటారు. అనకపోతే మీరూ అనవద్దు, ఇంకో గొట్టం ఇవ్వండి.

ఆ సాయంత్రమే టీచరు చేయాల్సిన పని మరొకటి ఉంది. ఏ ముక్కకు ఎంతసేపు పట్టింది, ఎన్ని మరుగుదొడ్లు పనిచేశాయి, బస్సు ఎక్కడ ఆపనిచ్చారు, ఎవరికి ఎక్కడ వికారం వచ్చింది, ఏ ప్రశ్నకు పిల్లలు స్పందించలేదు అని ఒక కాగితం నిండా రాసి, అనుమతి కాగితాలతో కలిపి హెచ్ఎం గది బీరువాలో పెట్టాలి. వచ్చే ఏడాది నాలుగో తరగతి తీసుకునే టీచరు కొత్తగా బదిలీ మీద వచ్చిన మనిషి కావచ్చు.